ఐసు పెట్టె డైరీ: జీడితోటలో రెండు రాత్రుల కోసం

ఏప్రిల్ 2

నిరుడు మే నెలలో మా బావ తోటకి వెళ్లినప్పుడు జరిగిన భాగోతం ఇంట్లో ఇంకా ఎవరూ మర్చిపోలేదు. పర్లాకిమిడిలో ఉదయం ఎనిమిదింటికి బయల్దేరాం. పాతిక లీటర్ల ప్లాస్టిక్ ఐసు పెట్టె, అందులో మూడు కిలోల ఐసు ముక్కలు, కిలోన్నర చికెన్, పాల ప్యాకెట్లు, పెరుగు, అన్నిటికంటే పైన పిల్లల పుల్ల ఐసులు. సాయంత్రం ఐదింటికి మూత తీస్తే లోపల చిన్న చెరువు. పుల్లలు తేలుతున్నాయి, ఐసు లేదు. చికెన్ కవరు కారి ఆ నీళ్లు గులాబి రంగుకి తిరిగాయి. పాలు పొయ్యి మీద పెడితే విరిగాయి. "దీన్ని ఐసు పెట్టె అనకండి, కుడితి తొట్టి అనండి" అంది మా ఆవిడ. ఆ పూట పప్పు, ఊరగాయతో సరిపెట్టుకున్నాం.

ఈ ఏడు మళ్లీ వెళ్తున్నాం. ఏప్రిల్ 25 నుంచి 27 వరకు, రెండు రాత్రులు, టెంట్లలో. మహేంద్రగిరి కిందనున్న జీడితోట అది. కరెంటు లేదు, నడిచి వెళ్లేంత దూరంలో ఐసు దొరికే కొట్టు లేదు. మూడు వారాలు చేతిలో ఉన్నాయి కాబట్టి పెట్టె సంగతి ముందే తేల్చుకోవాలని ఈ లెక్కలు రాస్తున్నాను.

కొత్తది కొనే ఆలోచన కూడా వచ్చింది. బరంపురంలో ఒక షాపులో మందపాటి గోడల రకం చూశాను, గోడ రెండంగుళాల పైనే ఉంది. మూతకి ఫ్రిజ్ తలుపుకున్నట్టు రబ్బరు, రెండు వైపులా రబ్బరు కొక్కేలు. ధర ఐదంకెలు. ఖాళీ పెట్టె ఎత్తితేనే నడుం పట్టేట్టుంది. ఏడాదికి రెండుసార్లు తోటకి పోయే నాలాంటి వాడికి అది పెళ్లికి ఏనుగును తెచ్చుకున్నట్టే. ఆ మందపాటి గోడల్ని మన పాత పెట్టెకే కట్టుకుంటే పోలేదా అనుకుంటూ బస్సెక్కాను.

ఏప్రిల్ 5

ఈ ఊళ్లో ఐసు గురించి నాకంటే, షాపువాడికంటే ఎక్కువ తెలిసిన మనిషి చేపల అప్ప. తెల్లారగట్ల సముద్రం వైపు నుంచి వచ్చే చేపల్ని థర్మోకోల్ డబ్బాలో వేసుకుని మధ్యాహ్నం దాకా మా వీధుల్లో తిరిగి అమ్ముతుంది. డబ్బా చుట్టూ గోనెసంచి, దాని మీద నీళ్లు. నా గోడు చెప్పుకుంటే నవ్వింది.

"ముక్కలైసు ఎందుకెట్టినావు బాబూ? దిమ్మ ఎట్టుకోవాల. ముక్కలైతే ఒళ్లంతా కరుగుతాది."

ఒళ్లంతా కరగడం! ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. పది సెంటీమీటర్ల ఐసు దిమ్మని సెంటీమీటరు ముక్కలుగా కొడితే వేడి తగిలే పైభాగం పది రెట్లు పెరుగుతుంది. ముక్కలు సామానుని త్వరగా చల్లబరుస్తాయి, అంతే త్వరగా అయిపోతాయి కూడా.

మరి నీళ్లో? ఆవిడ డబ్బాకి అడుగున కన్నం ఉంది, కరిగిన నీరు పోతూ ఉంటుంది. "చేప నీట్లో నాన్తే మెత్తబడిపోద్ది" అంది. అది చేపల లెక్క. సీసాలు, గట్టి మూతల డబ్బాలు పెట్టుకునే మనకి ఆ నీళ్లు పారబొయ్యాల్సిన పని లేదు. ఐసుతో పాటు ఉన్నంతసేపూ అవీ సున్నా దగ్గరే ఉంటాయి, సందుల్లో గాలికి బదులు చల్లటి నీరు నిండి ఉంటుంది. పారబోస్తే ఆ చోటంతా వేడిగాలి ఆక్రమిస్తుంది.

పోతూ పోతూ పాత డబ్బా ఒకటి నాకు ఊరికే ఇచ్చింది. వాసన పోవడానికి సోడా ఉప్పుతో మూడుసార్లు కడిగినా మా పిల్లి ఇంకా దాని చుట్టూనే తిరుగుతోంది.

ఏప్రిల్ 6, ఆదివారం

మొదటి పరీక్ష. ఎండ పడని ఉత్తరపు వసారాలో మూడు పెట్టాను. ఒకటి అప్ప ఇచ్చిన థర్మోకోల్ డబ్బా, అంగుళం గోడ. రెండోది నిరుటి ప్లాస్టిక్ పెట్టె. మూడోది మా నాన్న పట్టుబట్టి పెట్టించినది: మూతున్న స్టీలు బకెట్టు, దాన్ని పెద్ద గోనెబస్తాలో దించి చుట్టూ, కిందా, పైనా బెత్తెడు మందాన రంపపు పొట్టు. సా మిల్లులో పొట్టు ఊరికే పోశారు.

ఒక్కోదాంట్లో నాలుగు కిలోల ఐసు. ఉదయం 8కి మొదలు. కరిగిన నీళ్లు వంపి వంటింటి కాటా మీద తూచడం, అంతే. మధ్యాహ్నం వసారాలో 37 డిగ్రీలు, రాత్రికి 27.

రాత్రి 8కి, అంటే పన్నెండు గంటలకి, చేపల డబ్బాలో 2.6 కిలోలు కరిగింది. డబ్బులు పోసి కొన్న పెట్టెలో 2.7. రంపపు పొట్టు బకెట్టులో ఒకటిన్నర కిలో. మా నాన్న ఏమీ అనలేదు, మీసం మాత్రం తిప్పుకున్నారు.

బకెట్టు పన్నెండు లీటర్లదే, మిగతా రెండిటి కంటే చిన్నది, కాబట్టి పోటీ పూర్తిగా న్యాయమైంది కాదని ఆయనకి చెప్పాను. విన్లేదు. కానీ రంపపు పొట్టుని తక్కువ చేయడానికి లేదు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల సరస్సు ఐసుతో బయల్దేరి నాలుగు నెలలు సముద్రం మీద ఉండి కలకత్తా చేరితే, ఇంకా 100 టన్నుల దాకా మిగిలిందట. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి పంపించాడు. ఆ ఐసుని కాపాడింది కూడా పొట్టులాంటి సరుకే. తర్వాత 1842లో మద్రాసు సముద్రపొడ్డున ఆ ఐసు దాచడానికే ఐస్ హౌస్ కట్టారు, ఇప్పుడు వివేకానంద హౌస్ అంటున్నది అదే. 1936 దాకా మా పర్లాకిమిడి కూడా మద్రాసు ప్రెసిడెన్సీ కిందే. అయినా ఆ అమెరికా ఐసు ముక్క మా తాతల దాకా వచ్చి ఉంటుందని నేననుకోను.

పొట్టుతో చిక్కు ఒకటే, తడిసిందంటే దాని పని అయిపోయినట్టే. వేడిని ఆపేది పొట్టు కాదు, పొట్టు మధ్య చిక్కుకున్న గాలి. ఆ చోట నీరు చేరితే వేడికి దారి దొరుకుతుంది. తోట దారిలో తడి పొట్టు బస్తా మొయ్యడం నా వల్ల కాదు.

ఈ రోజు అసలు పట్టుకున్నది వేరే. సాయంత్రం ప్లాస్టిక్ పెట్టె పక్కలు తడిమితే పొడిగా, గది వేడిలోనే ఉన్నాయి. మూత మాత్రం చల్లగా ఉంది, పైన చెమట పట్టింది. మూత చల్లగా ఉందంటే ఐసు చల్లదనం అటు నుంచి పోతున్నట్టే కదా. వేలితో కొట్టి చూశాను. పక్కలు దబ్ దబ్ మన్నాయి, మూత డొల్లగా మోగింది.

ఏప్రిల్ 9

డ్రిల్లుతో మూత లోపలి వైపు కన్నం పెట్టి అగ్గిపుల్ల దూర్చాను. అటు చివర దాకా పోయింది. లోపల ఫోమ్ లేదు, ఖాళీ గాలి. పక్కల్లో ఫోమ్ నింపి మూతని ఊరికే వదిలేశారు. కొనేటప్పుడు ఒక్కసారి మూత మీద కొట్టి చూసి ఉంటే ఆ రోజే తెలిసేది. ఎవరైనా ఐసు పెట్టె కొంటుంటే నేను చెప్పేది ఇదొక్కటే, ముందు మూత కొట్టి చూడండి, రంగూ చక్రాలూ తర్వాత.

హార్డువేరు కొట్టులో కిటికీ ఫ్రేముల సందుల్లో కొట్టే పి.యు. ఫోమ్ డబ్బా తెచ్చాను. ఆరు కన్నాలు పెట్టి, గొట్టం దూర్చి, నిండుగా కొట్టాను. మంచి పని చేశానని నిద్రపోయాను.

ఏప్రిల్ 10

పొద్దున చూస్తే మూత గర్భిణిలా ఉంది. మధ్యలో దాదాపు అంగుళం ఉబ్బింది. పెట్టె మీద పెడితే నాలుగు మూలలా వేలు దూరేంత సందు. ఆ ఫోమ్ బయటికొచ్చాక పెరుగుతుంది, సగం నింపి వదిలెయ్యాలి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది, చదవలేదు, తప్పు నాదే.

ఇంకో తప్పు కూడా ఉంది. ఆ ఫోమ్ గట్టిపడేది గాలిలోని తేమ తగిలితేనే. మూసిన డొల్లలో కన్నాల దగ్గర మాత్రం గట్టిపడి, లోపల జిగురుగా మిగిలిపోయింది. చేతికి తొడుగు లేకుండా పని చేశాను కాబట్టి వేళ్ల మీద గోధుమరంగు మచ్చలు. మా జెరాక్సు షాపులో కాగితాలు ఇస్తుంటే ప్రతివాడూ "ఏటిది, గోరింటాకా?" అని అడగడమే.

మూతని ఎండలో పెట్టి, మీద సన్నికల్లు ఎత్తాను. మూడు రోజులు అలాగే ఉంచాలి.

ఏప్రిల్ 13, ఆదివారం

మూడు రోజుల్లో మూత ఉబ్బు సగానికి దిగింది, మిగతా సగంతో బతకాల్సిందే. మూత లోపల నింపే మోజు తీరిపోయింది. ఇక బయటి నుంచే. పెళ్లి మండపాలు అలంకరించే కొట్టులో అంగుళం మందం థర్మోకోల్ షీట్లు నాలుగు కొన్నాను. రెండేసి పొరలుగా పెట్టె చుట్టూ, అడుగున, మూత మీద అతికించాలని ప్లాను. పై పొర అతుకులు కింది పొర అతుకుల మీద పడకుండా, ఇటుక గోడ కట్టినట్టు.

మొదటి షీటుకి చెప్పులు కుట్టేవాళ్లు వాడే పసుపు గమ్ము రాశాను. చూస్తుండగానే థర్మోకోల్ చక్కెర నీళ్లలో పడ్డట్టు కరిగి, గుంటలు పడింది. ఆ గమ్ములో ఉండే ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుంది. పెట్రోలు కూడా అంతే చేస్తుంది, కాబట్టి బండిలో పెట్రోలు క్యాను పక్కన థర్మోకోల్ డబ్బా పెట్టకండి. ఒక షీటు పోయింది. మళ్లీ కొట్టుకి వెళ్లి ఇంకోటి, దాంతో పాటు తెల్ల ఫెవికాల్. అది ఆరడానికి ఒక రాత్రి పడుతుంది గానీ ఏమీ తినదు. అతుకుల మీద గోధుమరంగు ప్యాకింగు టేపు.

అంచులు రాలకుండా పైన ఏదైనా తొడగాలి. మా షాపు పక్కనే ఫ్లెక్సీలు కొట్టే తమ్ముడున్నాడు. నిరుటి జాతర ఫ్లెక్సీ ఒకటి ఇచ్చాడు, ఇరవై మంది దండాలు పెడుతున్న ముఖాలతో. ముఖాలు లోపలికీ, తెల్లటి వెనక వైపు బయటికీ వచ్చేట్టు చుట్టి కుట్టేశాను. తెలుపైతే ఎండని తిరగ్గొడుతుంది. ఇప్పుడు మా పెట్టె లోపల్నించి ఇరవై మంది ఐసుకి శుభాకాంక్షలు చెబుతున్నారు.

మూత అంచుకి తలుపులకంటించే ఫోమ్ టేపు రెండు వరసలు వేశాను. పరీక్ష సులువే. పది రూపాయల నోటు అంచున పెట్టి మూత బిగించి లాగాలి. జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టు. నాలుగు మూలల్లో రెండు చోట్ల జారింది, అది ఆ మిగిలిన ఉబ్బు పుణ్యం. అక్కడ మూడో వరస వేశాను. తర్వాత ఫోను టార్చి లోపల వెలిగించి, గదిలో లైటు ఆర్పి చూశాం. కొక్కెం దగ్గర సన్నటి గీతలా వెలుతురు. దాన్నీ మూశాను.

ఏప్రిల్ 20, ఆదివారం

రెండో పరీక్ష. అదే వసారా, అవే నాలుగు కిలోలు, ఎండ కూడా ఇంచుమించు అంతే.

రాత్రి 8కి కరిగింది 1.2 కిలో. రెండు వారాల కిందట ఇదే పెట్టెలో 2.7! ఇరవై నాలుగు గంటలకి 2.3 కిలోలు. మర్నాడు రాత్రి పడుకునే ముందు కూడా అడుగున అరచేతి మందం ముక్క మిగిలే ఉంది. లోపల దారం కట్టి వేలాడదీసిన చిన్న డిజిటల్ థర్మామీటరు, అదే చేపల తొట్టెలకి వాడేది, 3 డిగ్రీలు చూపించింది. పాలూ మాంసమూ 5 డిగ్రీల లోపే ఉండాలి కాబట్టి ఇది చాలు.

బకెట్టు ఓడిపోయిందని మా నాన్నకి చెప్పాను. "దానికి పెట్టుబడెంత, దీనికెంత?" అన్నారు. థర్మోకోల్, టేపులు, ఫెవికాల్, పాడు చేసిన ఫోమ్ డబ్బా కలిపి పదకొండొందలు దాటింది. మాట్లాడలేకపోయాను.

ఏప్రిల్ 23

పెట్టె అయింది, ఇప్పుడు ఐసు లెక్క. అందరూ పెట్టె గురించే మాట్లాడతారు గానీ, ఐసుని ఎక్కువగా తినేది లోపల మనం పెట్టే వేడి సామాను.

ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే 4.2 కిలోజౌళ్లు తియ్యాలి. అంటే ఎండలో 32 డిగ్రీలకి వేడెక్కిన లీటరు సీసాలు ఆరు తెచ్చి పెట్టెలో పెడితే, వాటిని 4 డిగ్రీలకి దించడానికే రెండు కిలోల పైచిలుకు ఐసు హారతి కర్పూరం. ఇంట్లో ఫ్రిజ్‌లో చల్లబరిచి తెస్తే ఆ రెండు కిలోలూ మిగిలినట్టే. కాబట్టి గురువారం రాత్రికి పెట్టెలోకి వెళ్లే ప్రతి వస్తువూ ఫ్రిజ్‌లోనో ఫ్రీజరులోనో ఉండాలని ఇంట్లో ప్రకటించాను. చికెన్ మసాలా పట్టించి, గట్టి మూతున్న డబ్బాలో గడ్డకట్టించడానికి మా ఆవిడ ఒప్పుకుంది. నిరుటి గులాబి నీళ్లు ఆవిడా మర్చిపోలేదు.

మంచినీళ్ల సీసాలు రెండు ఫ్రీజరులో పెట్టాను, మెడ దాకా నింపకుండా. నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, నిండుగా పోస్తే సీసా పగులుతుంది. కరిగాక ఈ నీళ్లు తాగొచ్చు, అదే వీటి లాభం. ఫ్యాక్టరీ దిమ్మ ఐసు తాగడానికి కాదు. తినడానికి పనికిరాని ఐసుకి నీలం రంగు కలపాలని ఆహార భద్రతా సంస్థ నియమం ఉంది. రంగు కనబడినా కనబడకపోయినా దిమ్మ ఐసుని గ్లాసులో వెయ్యకూడదని పిల్లలకి గట్టిగా చెప్పాను.

ఏప్రిల్ 24

రాత్రి పెట్టెలో కిలో తుక్కు ఐసు పోసి మూత వేశాను. గోడలు ముందే చల్లబడితే రేపటి ఐసు ఆ పనికి ఖర్చవదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఉదయం తుక్కు ఐసు తీసేసి, ఆరు కిలోల దిమ్మ అడుగున. దాని పక్కన చికెన్ డబ్బా, గడ్డకట్టిన రెండు సీసాలు. మీద పాలు, పెరుగు, పనీరు. అన్నిటికంటే పైన కొత్తిమీర, పచ్చిమిరప, గుడ్డలో చుట్టి. ఖాళీ మిగిలిన చోట మడిచిన తువ్వాలు, ఎందుకంటే ఖాళీ ఉంటే మూత తీసిన ప్రతిసారీ ఆ గాలి మారుతుంది.

పిల్లలు గంటకోసారి తీసే నీళ్లు, సోడాలు, మామిడి రసం చేపల డబ్బాలో, ముక్కలైసుతో. అది పోతే పోతుంది. వంట పెట్టె మాత్రం నా అనుమతి లేకుండా ఎవరూ తెరవకూడదు.

పుల్ల ఐసుల సంగతి: ఐసు పెట్టెలో అవి నిలవవు. చక్కెర కలిసిన నీళ్లు సున్నా కంటే కిందే గడ్డకడతాయి, సున్నా దగ్గర కరిగిపోతాయి. కుల్ఫీ బండివాళ్లు చేసేదే చేశాను. వెడల్పు మూతి ఫ్లాస్కులో నలగ్గొట్టిన ఐసు, దానికి మూడో వంతు కళ్లుప్పు, మధ్యలో కవరులో చుట్టిన పుల్లలు. ఉప్పు కలిస్తే ఐసు చల్లదనం సున్నా కంటే బాగా కిందికి దిగుతుంది. తోట చేరేసరికి పిల్లలు కొరుక్కు తినేంత గట్టిగా ఉన్నాయి. ఈ డైరీలో నన్ను ఇంట్లోవాళ్లు మెచ్చుకున్న ఏకైక సందర్భం ఇదే.

పనస చెట్టు నీడలో పెట్టెని రెండు ఇటుకల మీద పెట్టి, పైన తడి గోనె కప్పాను. గాలి ఆడినంతసేపూ గోనె కింద 29 డిగ్రీలు, పక్కన బయట 37. అప్ప చెప్పకుండానే నేర్పిన పాఠం.

మధ్యాహ్నం నేను టెంటు కట్టుకుంటుంటే బావ రెండు లీటర్ల మంచినీళ్ల సీసాలు రెండు, బండిలో ఉడికినవి, వంట పెట్టెలో పెట్టేశాడు. "చల్లబడతాయని పెట్టినాను, ఏటైంది?" అన్నాడు. బావ మీద కోప్పడే హక్కు నాకు లేదు, మా అక్క మొగుడు. రెండు గంటల తర్వాత చూసి తీశాను. లెక్కేస్తే ఒక కిలో ఐసు ఆ సీసాల్లోకి పోయింది.

రాత్రి చికెన్ పొయ్యి మీద వేస్తుంటే బావే హెచ్చరించాడు. "జీడిపళ్ల వాసనకే ఎలుగొస్తాది, నీ కోడి వాసనకి రాదేటి? పెట్టె బండిలో పెట్టి తలుపెయ్." ఈ కొండ కింద ఎలుగుల సంగతి తమాషా కాదు. నా ఫోమ్ టేపూ ప్లాస్టిక్ కొక్కెమూ ఎలుగు గోటికి ఒక లెక్కా? తిన్న గిన్నెలు కూడా కడిగి, పెట్టెతో సహా బండిలోకి ఎక్కించాం. తెల్లవారుజామున తోట చివర ఏదో విరిగిన చప్పుడైంది. ఎవరూ టెంటు జిప్పు తీసి చూడలేదు.

ఏప్రిల్ 26, శనివారం

ఉదయం వంట పెట్టె లోపల 2 డిగ్రీలు. పెరుగు తోడుకున్నది తోడుకున్నట్టే ఉంది. చేపల డబ్బాలో ఐసు లేదు, నీళ్లే. మా వాడు సుద్దముక్కతో మూతల మీద గీతలు గీస్తున్నాడు, తెరిచిన ప్రతిసారీ ఒకటి. నిన్న చేపల డబ్బాకి 31, వంట పెట్టెకి 6.

ఆ డబ్బాలో మిగిలిన చల్లనీళ్లలోనే మామిడికాయలు వేసి మధ్యాహ్నం దాకా ఉంచాం.

ఏప్రిల్ 27, ఆదివారం

ఉదయం ఆరుకి ఇంటి ముందు దిగాం. బండిలోంచి ముందుగా దించింది పెట్టెనే. శుక్రవారం ఎనిమిదింటికి మూత వేశాం, అంటే నలభై ఆరు గంటలు. మా నాన్న కాటా పట్టుకుని వసారాలో ముందే కూర్చున్నారు.

లోపల 4 డిగ్రీలు. పాల ప్యాకెట్టు ఒకటి మిగిలింది, కాస్తే పొంగింది, విరగలేదు. దిమ్మ రొట్టె ముక్కంత, సీసాల్లో గడ్డలు రెండు, అన్నీ కలిపి 1.9 కిలోలు. మొదలుపెట్టింది ఎనిమిది. బావ సీసాలు లేకపోతే మూడు కిలోలకి దగ్గర్లో ఉండేదని నాన్నకి వివరించబోయాను, ఆయన అంకె కాగితం మీద రాసుకుంటున్నారు.

వచ్చేసారి మూత మార్చాలి. ఉబ్బిన మూల దగ్గర టేపు అప్పుడే లేస్తోంది. కొత్తగా ప్లైవుడ్ మూత, దాని కింద రెండంగుళాల థర్మోకోల్ లోపలికి దిగేట్టు చెయ్యాలని ఉంది.

దిమ్మ నీళ్లు కరివేపాకు మొదట్లో పోశాం. సీసాల్లోని గడ్డల్ని మా ఆవిడ కొట్టి, రాత్రి నానబెట్టిన చద్దన్నంలో, పెరుగులో వేసింది. పక్కింటి ఒడియా పిన్ని గోడ మీంచి చూసి "పఖాళలో ఐసా! మాకూ ఒక గిన్నె" అంది. నాన్న రెండో గిన్నె కూడా పెట్టించుకున్నారు.